నా మొహానికి ఆయన ఓటీపీ

మొహం చూసి గేటు తెరిచే థీమ్ పార్కుల్ని తిట్టేవాళ్ళందరూ మా ఇంటికొచ్చి ఓ పది రోజులుండాలని మనవి! ప్రైవసీ పోతోందట. ఉన్నవాళ్ళకు కదండీ పోయేది?

జూబిలీహిల్స్‌లో ఇరవై రెండేళ్ళ కాపురం నాది. నేను కొత్త కళ్ళజోడు పెట్టుకున్న సంగతి మావారు పదకొండో రోజున కనిపెట్టారు. అదీ దాని మీద కూర్చున్నాక! అలాంటి మొహాన్ని అరసెకనులో పోల్చుకునే కెమెరాకి దణ్ణం పెట్టకూడదూ?

మొన్న గురువారం మధురానగర్‌లో లలితా పారాయణమని ఇంట్లో చెప్పి, స్నేహితురాలు పుష్పవల్లితో పార్కుకు బయల్దేరాను. ఒక్క పూట, నేనెక్కడున్నానో ఎవరికీ తెలియకుండా, రోలర్ కోస్టర్ ఎక్కి గొంతు చించుకుని అరవాలి. అంతే నా కోరిక.

పుష్పవల్లి ఫిల్మ్‌నగర్‌లో మేకప్ ఆర్టిస్టు. "నీ మొహం నాకొదిలెయ్యవే! మీ అత్తగారే ఎవరమ్మా నువ్వు అనాలి" అంటూ నెరిసిన విగ్గు పెట్టి, బుగ్గన పులిపిరి అతికించింది. చెక్‌పోస్టు కూడలిలో మా మరిది ఎదురై, "కాస్త జరగండి మామ్మగారూ" అన్నాడు. ఎంత సంబరమో!

పార్కు గేటు దగ్గర తెర వెలిగింది. "సాయిసుధ గారికి మళ్ళీ స్వాగతం!"

పోయిన వేసవిలో ఇంటిల్లిపాదీ వచ్చినప్పుడు తీసుకున్న మొహమట. నా రెండు కళ్ళ మధ్య దూరం కూడా దాచుకున్నారు. పెళ్ళిచూపుల్లోనైనా ఎవరూ అంత శ్రద్ధగా కొలవలేదు!

శ్రద్ధ అక్కడితో ఆగితేనా? గాల్లో తలకిందులుగా కేకలు పెడుతున్న నా ఫోటో, నేను కిందికి దిగేలోపే మావారి ఫోన్‌కు చేరింది. అప్పట్లో నంబరు అడిగితే, గ్యాస్‌కీ బడికీ ఇచ్చినట్టే అలవాటుగా ఆయనది ఇచ్చాను మరి!

"తలకిందులుగా చదువుతారుటే ఇప్పుడు పారాయణం?" అన్నారు అత్తగారు, గుమ్మంలోనే.

మర్నాడు పార్కుకు ఫోన్ చేసి, నా మొహం తీసెయ్యమన్నాను. తిరుమలేశ్ అనే ఉద్యోగి ఎంత మర్యాదస్థుడో!

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, మీ మొఖం మా దగ్గర పైలంగ ఉంటది. తీసెయ్యాల్నంటే సార్ ఫోన్‌కు ఓటీపీ వస్తది. గది జర చెప్పుండ్రి."

"మొహం నాది కదా బాబూ?"

"మీదే మేడం. అకౌంటు సార్‌ది."

చూశారా, ఎంత భద్రతో! బ్యాంకు లాకరు కూడా ఇంత గట్టిగా ఉండదు. ఓటీపీ వచ్చిందేమో చూడమని మావారిని అడిగాను.

"ఉండనీవోయ్, ఎక్కడున్నావో తెలుస్తోందిగా" అని నవ్వారు. నేను కదలకపోయేసరికి, "సరే, ముందు కాస్త కాఫీ ఇయ్యి, చెబుతాను" అన్నారు.

ఓటీపీకి గడువు పది నిమిషాలు. ఫిల్టర్లో డికాషన్ దిగి, కాఫీ ఆయన చేతికి చేరేసరికి పదమూడయ్యాయి.

నా మొహం పార్కులో క్షేమం.