బాయిలరుకు బదులు కుక్కర్

"ఏవండీ, కుక్కర్ విజిల్ ఇరుక్కుపోతోంది. కొత్తది తెచ్చిపెట్టండి," అంది రాజరాజేశ్వరి.

"స్పూనుతో ఒక్కటి కొట్టు, అదే వస్తుంది," అన్నాడు శశిభూషణ్ ఇడ్లీ ప్లేటులోంచి తలెత్తకుండా. బుర్రంతా ఆ రోజు చెప్పబోయే పాఠం మీదే ఉంది.

శశిభూషణ్ ఉద్యోగం కాస్త చిత్రమైనది. పెద్ద పెద్ద యంత్రాలు నడిపే ఇంజనీర్లకు, తమ యంత్రం ఎందుకు క్షేమమో ఆధారాలతో సహా కాగితం మీద రాయడం నేర్పుతాడు. సామర్లకోట దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఆ రోజు ఆఖరి తరగతి. అక్కడ బాయిలరు ప్రెజర్ మీటరు ముల్లు, అద్దం మీద వేలితో కొడితేగాని కదలదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఒక్కరూ రాయరు. ఇవాళైనా రాయించకపోతే ఎప్పుడో ఎవరి ప్రాణం మీదకో వస్తుందని ఆయన దిగులు.

"ఏది చెడిపోతుంది, ముందే ఎవరికి తెలుసు, తెలిసి ఏం చేశారు? మొహమాటం లేకుండా రాయండి," అన్నాడు తరగతిలో.

సీనియర్ ఇంజనీరు కుక్కుటేశ్వరరావు చేతులు కట్టుకుని లేచాడు. "చెరకు గానుగాట మొదలైన వారంలోనే బాయిలరు పేలితే అని ఎలా రాస్తామండీ? పైన తథాస్తు దేవతలుంటారు కదండీ."

"పోనీ, పక్క ఫ్యాక్టరీ బాయిలరు అనుకుని రాయండి."

"అయ్యో, వాళ్ళేం పాపం చేశారండీ?"

శశిభూషణ్‌కు ఓపిక నశించింది. "అయితే మా ఇంట్లో కుక్కర్ పేలుతుందనుకుని రాయండి! దేవతలు తథాస్తు అంటే నేను పడతాను. కానీ కళ్ళారా చూడకుండా మాత్రం ఒక్క ముక్క రాయకూడదు."

ఆ చివరి మాట కుక్కుటేశ్వరరావు మనసులో నాటుకుంది. ఆ కుక్కర్ కళ్ళారా చూద్దామని భోజనాల వేళ ఫ్యాక్టరీ పసుపు హెల్మెట్‌తోనే మోటారు సైకిలెక్కి మాస్టారి ఇంటికి వెళ్ళాడు. పాపం, మర్యాదస్థుడు. ఒకరి గుమ్మంలో నిలబడి, మీ కుక్కర్ పేలితే అనగలడా?

"అమ్మా, ముందు మీరు కూర్చోండి. కంగారు పడకండి. మాస్టారి మాట మీదే వచ్చాను. జరగరానిది జరిగితే అని... ఆ మాట నా నోటితో అనలేనమ్మా."

రాజరాజేశ్వరికి ఆ హెల్మెట్టు, ఆ వంచిన తల చాలు. గొల్లుమంది. పొరుగింటి మాణిక్యాంబ పరుగెత్తుకొచ్చి, "బాయిలరు పేలిందా ఏంటి?" అని అడిగింది.

"అబ్బే, ఇంకా పేలలేదండీ!" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

ఆ ‘ఇంకా’ అన్న మాట ఉన్న కాస్త ధైర్యాన్నీ తీసేసింది. ఆడవాళ్ళిద్దరూ ఆటో ఎక్కారు. దారి పొడుగునా మాణిక్యాంబ ఫోన్లు చేస్తూనే ఉంది. వీళ్ళు వెళ్ళేసరికి కార్మికుల ఇళ్ళవాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర చేరి ఏడుస్తున్నారు. ఫైరింజన్ వచ్చింది. మేనేజరు శివరామకృష్ణ ఎందుకైనా మంచిదని బాయిలరు ఆపించాడు. చెరకు ట్రాక్టర్లు రోడ్డుదాకా నిలిచిపోయాయి.

ఈ గోలేమీ తెలియని శశిభూషణ్ తరగతి గదిలో అప్పుడే కేరేజీ విప్పి పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

"బతికే ఉన్నారా!" అంటూ భోరుమన్న రాజరాజేశ్వరి, కళ్ళు తుడుచుకుని, బతికే ఉన్నందుకు నాలుగు తిట్టింది. అయిదో తిట్టు దగ్గర ఆగిపోయింది. "అయ్యో! పొయ్యి మీద కుక్కర్!"

అంతా ఇంటికి పరుగెత్తారు. ఎలాగూ వచ్చింది కనుక ఫైరింజన్ కూడా వెంట వెళ్ళింది. అప్పటికే పప్పంతా కప్పుకు అంటుకుంది, మూత కిటికీలోంచి ఎగిరి మాణిక్యాంబ పెరట్లో పడింది. ఇంట్లో ఎవరూ లేకపోవడమే అదృష్టం.

"విజిల్ ఇరుక్కుపోతోందని పొద్దున్నే చెప్పానండీ ఈయనకి. స్పూనుతో కొట్టమన్నారు," అంది రాజరాజేశ్వరి అందరి ముందూ.

శశిభూషణ్‌కు తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ చెప్పే ముక్క ఇంట్లో తనే వినిపించుకోలేదు. పప్పు మరక సరిగ్గా ఆమె రోజూ నిలబడే చోటుకు పైనే ఉంది.

సాయంత్రం ఫ్యాక్టరీలో కుక్కుటేశ్వరరావు వినయంగా తన పత్రం అందించాడు. "చెడినది: విజిల్. ముందే తెలిసినవారు: మాస్టారు గారు. తీసుకున్న చర్య: స్పూనుతో కొట్టమనుట. ఆధారం: ఇంటి కప్పు."

ఇన్నేళ్ళలో ఏ శిష్యుడూ అంత నిఖార్సుగా రాయలేదు. వంక పెట్టడానికి లేక శశిభూషణ్ సంతకం చేశాడు.

"మరి మీ మీటరు సంగతండీ? ఆ ఒక్కటీ రాయండి," అని బతిమాలాడు.

"అనుకుంటేనే కుక్కర్ పేలిందండీ. ఇంక మీదట మాకీ తరగతులు వద్దండి," అన్నాడు పక్కనే ఉన్న మేనేజరు శివరామకృష్ణ, చాలా మర్యాదగా.

బాయిలరు మళ్ళీ వెలిగించారు. కుక్కుటేశ్వరరావు మీటరు అద్దం మీద వేలితో ఒక్కటి కొట్టాడు. శశిభూషణ్ వంగి చూశాడు.

ఈసారికి ముల్లు కదిలింది.