రెండు జానల ఫోర్కు

మా ఇంట్లో ఉన్న గేరు సైకిలు ఎవరిదని అడిగితే నేను పేపర్లో తల దూరుస్తాను. మీరు దోస్తులు కాబట్టి చెప్తున్నాను.

తొంభై నాలుగులో మా బావమరిది ప్రేమ్‌సాగర్‌రావు మస్కట్ నుంచి ఒక పాత గేరు సైకిలు పంపాడు. కొండలెక్కే సైకిలట. జమ్మికుంటలో కొండలు లేకున్నా చూసేవాళ్లున్నారు. దాని మీద పత్తి మార్కెట్ యార్డుకు పోవాలని నా ప్రాణం కొట్టుకుంది. కానీ ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల ఫోర్కులో ఒక కాలు దారిలోనే విరిగిపోయింది.

"మా తమ్ముడు నాకు పంపిండు, కుట్టు క్లాసుకు పోవుటానికి," అంది మా ఆవిడ మనోరమ.

"విరిగింది గదా. ఎవరు బాగుచేపిస్తే వాళ్లది."

"మాట మీద ఉంటరా?"

"ఆదివారం మీ తమ్ముడు వస్తుండు. ఆయన ముందటనే తేలుద్దాం."

సైకిళ్ల మొండయ్య సామాన్లకు హైదరాబాద్ పోతుంటే ఫోర్కు తెమ్మన్నాను. పానా పక్కన లేకుంటే అన్నానికి కూడా కూర్చోడని ఊరంతా అతన్ని పానా మొండయ్య అంటుంది.

"ఎంత పొడుగు దొరా?"

"రెండు జానలు. నేనే కొలిచిన."

"పాత ముక్క ఇచ్చి పంపరాదుండ్రి," లోపలి నుంచి మనోరమ.

"ఎందుకు? మా తాత జానతోని కొలిచే కొట్టం కట్టిండు."

"అందుకే దాని తలుపు పడతలేదు."

నేను పట్టించుకోలేదు. నా జాన చిన్నదని, మొండయ్య చెయ్యి చేటంత ఉంటుందని కూడా ఆలోచించలేదు. అతను తన రెండు జానలు కొలుచుకుని స్ప్రింగుల ఫోర్కు తెచ్చాడు. అది తళతళలాడుతుంటే నాకు ఆనందంతో కాళ్లు నిలవలేదు.

బిగించాక మనోరమ సైకిలు చుట్టూ తిరిగి చూసింది. "ముందట లేచింది. మంచం తలాపు కింద ఇటుకలు వెట్టినట్టుంది."

"గిదే ఫ్యాషన్."

ఎక్కాను. సీటు వెనక్కి వాలింది, హ్యాండిలు ఛాతీ దాకా వచ్చింది. అయినా రాజాలాగా తొక్కాను. యార్డు గేటు దగ్గర మలుపులో చక్రం ఒక్కసారిగా పక్కకు పడిపోయింది. నేను నేరుగా పత్తి కుప్పలోకి పోయాను. నలుగురి కళ్లలో పడాలన్న కోరిక మాత్రం తీరింది.

"మీసాలకు గా పత్తేంది?" అంది మనోరమ.

"రేటు అడగవోయిన. జర దగ్గరినుంచి చూసిన."

సైకిల్ని కొట్టంలో దాచాను. తలుపు పడదన్న సంగతి మళ్లీ మరిచాను.

ఆదివారం ప్రేమ్‌సాగర్ రాగానే నేనే మొదలుపెట్టాను. "నీ సైకిలుకు సరిపోయే ఫోర్కు దేశంల దొరకదు. ఎవ్వరితోని కాదు. పందెం రద్దు."

"అట్లనా బావా?"

ఇంతలో వీధిలో బెల్లు మోగింది. మనోరమ అదే సైకిలు మీద, హ్యాండిలుకు వంకాయల సంచి తగిలించుకుని, మలుపు చక్కగా తిప్పి వాకిట్లో దిగింది. ముందు లేవలేదు, వెనక వాలలేదు.

"ఫోర్కు ఏడ దొరికింది?" అన్నాను.

"కరీంనగర్‌ల. విరగని కాలు పక్కన వెట్టి, సమానమున్నదే తెచ్చిన. నిన్న మీరు చేనుకు పోయినప్పుడు మొండయ్య బిగించిండు."

"అక్కా, మళ్లొచ్చినప్పుడు బావకు ఏం తేవాలె?"

"కొలిచే టేపు తే తమ్మీ."

తెల్లారి యార్డులో పత్తి వేలం. సైకిలు అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆమే వెనక క్యారియర్ చూపించి, "కూసోండ్రి, క్లాసుకు పోతూ దింపుత," అంది. కూర్చున్నాను. పానా మొండయ్య దుకాణం ముందు నుంచి పోతుంటే అతను వేళ్లన్నీ బారజాపి చెయ్యెత్తాడు. పలకరించాడో, జాన చూపించాడో నేను ఆగి అడగలేదు. ఆపడానికి బ్రేకు నా చేతిలో లేదు.