దుంపల చేలో చర్చి

ఆ ఉదయం సాతర్‌కుల్ వేసుకున్న పథకం చిన్నదే. ఎముకలకు కాస్త నీడ కల్పించాలి, అంతే.

చూయ్ లోయలో తన ఇంటిని ఆనుకుని ఉన్న బంగాళాదుంపల చేను కింద ఏడువందల ఏళ్ళనాటి చర్చి ఉందని తాత చెప్పిన మాట నమ్మి, వేసవి మొదట్లో దాన్ని తవ్వకాలవాళ్ళకు అప్పగించాడు. వాళ్ళు దుంపలు పీకి, అతని దుంప తెంచారు. పదకొండు సమాధులు దొరికాయి గానీ సమాధానం దొరకలేదు. శిలువ చెక్కిన రాయి ఒక్కటీ బయటపడలేదు. ఊళ్ళో చర్చి గురించి చర్చే తప్ప చర్చి లేదు. సాయంత్రంలోగా ఏ ఆనవాలూ కనబడకపోతే గోతులు పూడ్చేసి రమ్మని పైనుంచి ఉత్తర్వు. అదే జరిగితే పక్కింటి బెక్తెమిర్ బతికినన్నాళ్ళూ నవ్వుతాడు.

పొద్దున్నే గాలికి టార్పాలిన్ చిరిగింది. ఎండకు ఎముకలు పగులుతాయని తవ్వకాల పెద్ద జిపారా గోల పెట్టింది.

"దానికేం తల్లీ! వాకిట్లో మా ఉన్ని గుడారం వేసేస్తా, తీసిన ఎముకలు అందులో పెట్టుకోండి," అన్నాడు సాతర్‌కుల్.

భార్య బూరుల్ నెత్తి కొట్టుకుంది. "పక్కన గోతులు పెట్టుకుని వాకిట్లో గుడారమా? చూసినవాళ్ళు ఏమనుకుంటారయ్యా?"

"గుండ్రాయిలా తిరుగుతున్నానుగా! కళ్ళున్నవాడికి కనబడనూ?"

గుడారం లేచింది. కళ్ళున్నవాళ్ళందరికీ కనబడింది. సాతర్‌కుల్ మాత్రం కనబడలేదు. జిపారాతోపాటు నిలువులోతు గోతిలో దిగి కుంచెతో మట్టి దులుపుతున్నాడు. ఆ ఊళ్ళో వాకిట గుడారం లేచిందంటే పెళ్ళన్నా అయ్యుండాలి, చావన్నా అయ్యుండాలి. పక్కన గోతులు కూడా ఉంటే పెళ్ళని ఎవరనుకుంటారు?

గంటలో ఆడవాళ్ళు వచ్చి బూరుల్‌ను కదలనివ్వకుండా కావలించుకుని ఏడుపు అందుకున్నారు.

"బతికే ఉన్నాడే!" అందామె.

"పాపం, మనసు ఒప్పుకోవడం లేదు," అని మరింత గట్టిగా ఏడ్చారు. చావు భోజనాలకని ఎవరో గొర్రెను కోశారు. మరెవరో పొయ్యి వెలిగించారు.

అప్పుడొచ్చాడు బెక్తెమిర్, వీధి మలుపు నుంచే రాగం తీస్తూ, చేతుల్లో ఓ బండరాయి మోస్తూ.

"అయ్యో నా సింహంలాంటి అన్నా! ఇంక నన్ను తిట్టే దిక్కెవరు? పోయినవాడి సొత్తు ఇంట్లో ఉంచుకోకూడదు. ఇరవై ఏళ్ళ కిందట నీ చేలో రాయి ఎత్తుకుపోయింది నేనే! క్యాబేజీ ఊరగాయ పీపాకి బరువు పెట్టుకున్నా. క్షమించన్నా!"

గోతిలోంచి ఓ తల లేచింది. "ఒరేయ్! ఆ దొంగవి నువ్వట్రా?"

జనం చెల్లాచెదురయ్యారు. బెక్తెమిర్ చేతిలో రాయి జారి బోర్లాపడింది. పైకి తేలిన వైపు చూసి జిపారా కెవ్వుమంది. శిల మీద శిలువ! ఉప్పునీళ్ళలో నాని, ఊరగాయ కంపు కొడుతూ, కింద రెండు వరుసల పాత లిపి!

"ఇది ఎక్కడ తీశావన్నా? చూపించు!"

బెక్తెమిర్ చేను ఈశాన్యపు మూల చూపించాడు. వేసవంతా ఎవరూ పార పెట్టని మూల అది. వచ్చిన మగాళ్ళంతా శవాన్ని పూడ్చడానికి తెచ్చిన పారలతో అక్కడ తవ్వారు. పొద్దు వాలకముందే చర్చి గోడ పునాది బయటపడింది. జిపారా ఎగిరి గంతేసి ఫోను తీసింది. ఇంక పూడ్చడం లేదు.

గొర్రె ఎలాగూ ఉడికిపోయింది. ఎముకలను ఓ పక్కకు జరిపి అందరూ గుడారంలో కూర్చున్నారు, చచ్చినవాడు అందరికంటే ముందు వడ్డించుకున్నాడు.

బెక్తెమిర్ మాత్రం జిపారా పక్కకు జరిగి, పీపాలో క్యాబేజీ పైకి తేలిపోతోందనీ, గోతుల్లో అక్కరకు రాని రాయి ఇంకోటేమైనా ఉందా అనీ అడిగాడు.