రెండు పక్కల సంచులున్న మనిషి

అపార్ట్‌మెంటు గేటు దగ్గర మనిషి ఎవరో తేల్చేది అతని ముఖం కాదు, పేరు కాదు, నెలనెలా కట్టే మెయింటెనెన్సు అసలే కాదు. అతను తెచ్చిన సంచి. ఈ మహాసత్యం అశోక్‌నగర్‌లోని పద్మజా రెసిడెన్సీలో లిఖితపూర్వకంగా అమల్లో ఉంది. (మిగతా ప్రపంచం కూడా దీన్నే పాటిస్తుంది గాని, పాపం, తీర్మానం చేసుకునే తీరిక దొరకలేదు.)

ఆ రెసిడెన్సీ నాలుగో అంతస్తులో ఉండే విద్యాసాగర్‌కు రిటైరైన ఏడాదే మోకాలు మొరాయించింది. హైదర్‌గూడ డాక్టరు రెండే ముక్కలు చెప్పాడు: సైకిల్ తొక్కండి, మెట్లు ఎక్కకండి. సైకిలైతే కొన్నాడు. కానీ హ్యాండిల్‌కు తగిలించిన కూరగాయల సంచి ముందు చక్రంలో దూరి, చిక్కడపల్లి నడిబజార్లో ఆయనను టమాటాలతో సహా నేల మీద కూర్చోబెట్టింది. వెనక క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడే సంచులుంటే ఈ బాధ ఉండదని ఎవరో అన్నారు. దుకాణంలో వాటి ధర విని, "ఇది సంచికా, సైకిల్‌కా?" అని అడిగి, జవాబు వినకుండా వచ్చేశాడు.

ఇక తనే పూనుకున్నాడు. కూతురు తన్మయి ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయినా అటక దిగని రెండు పరీక్ష అట్టలు దించాడు. వీధి చివరి కోచింగ్ సెంటరు వాళ్లు కొత్త ఫలితాలు రాగానే పీకి పారేసిన ఫ్లెక్సీ తెచ్చాడు. పాత సైకిల్ ట్యూబు కోశాడు. గోనెసంచులు కుట్టే దబ్బనం పట్టాడు. అట్ట సంచికి వెన్నెముక అయింది. దాని క్లిప్పు క్యారియర్ కమ్మీని కరుచుకుంది. ఆ పైన ట్యూబు ముక్కలతో ఊడితే ఒట్టు అన్నట్టు బిగించాడు. ఎడమ సంచి మీద రెండో ర్యాంకు అమ్మాయి నవ్వుతోంది. కుడి సంచి మీద 'మీ విజయం మా' వరకే వచ్చింది, బాధ్యత కత్తిరింపులో పోయింది.

దబ్బనం వేలికి దిగినప్పుడల్లా భార్య రాజకుమారి, "రెండు సంచులు కొంటే అయిపోతుండె గదా" అనేది.

"కొంటే సంచి వస్తది. ఇట్ల కుడితే ఇజ్జత్ వస్తది" అన్నాడు విద్యాసాగర్, వేలు నోట్లో పెట్టుకుని.

మర్నాడు పొద్దున్నే నారాయణగూడ మార్కెట్‌కు వెళ్లి, ఎడమ సంచిలో ఆలుగడ్డలు, కుడి సంచిలో సొరకాయ, టమాటాలు వేసుకుని వచ్చాడు. ఒక్క టమాటా చెదరలేదు! ఛాతీ ఉప్పొంగింది. అదే ఛాతీతో గేట్లోకి వస్తుంటే వాచ్‌మన్ దాసయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. దాసయ్య చేతిలో ద్వారపాలక్ అనే యాప్ ఉన్న ఫోనుంది.

"సార్, జర ఆగుండ్రి. బండికి రెండు పక్కల సంచులున్నయా అని అడుగుతుంది ఇది. ఉన్నయంటే డెలివరీ అంటుంది."

"నేనెవర్నో నీకు తెల్వదా దాసయ్యా?"

"నాకు తెలుసు సార్. ఫోనుకు చెప్పనీకె దాంట్ల జాగ లేదు."

దాసయ్య నొక్కాడు. విద్యాసాగర్ జేబులో ఫోన్ మోగింది. 'మీ ఇంటికి డెలివరీ మనిషి వచ్చాడు. రానివ్వమంటారా?' ఆయన కాస్త ఆలోచించి (ఎంతైనా కొత్త మనిషి కదా) తనను తాను రానిచ్చుకున్నాడు.

లిఫ్టు దగ్గర దాసయ్య మళ్లీ అడ్డం వచ్చాడు. "డెలివరీ వాళ్లకు లిఫ్టు లేదు సార్. మెట్లే."

"ఎవడు పెట్టిండు ఈ రూలు?"

"మీరే సార్."

నిజమే. పోయిన సర్వసభ్య సమావేశంలో లిఫ్టంతా బిర్యానీ వాసన కొడుతోందని, తల పగిలిపోతోందని లేచింది ఆయనే. 'నివాసుల ఘ్రాణేంద్రియ పరిరక్షణ నిబంధన' అని నామకరణం చేసిందీ ఆయనే. చప్పట్లు కూడా పడ్డాయి. ఇప్పుడు ఆలుగడ్డలు తువ్వాలులో మూటగట్టి భుజానేసుకుని నాలుగంతస్తులు ఎక్కుతుంటే మోకాలు మెట్టుమెట్టుకూ అమ్మా అని అరిచింది.

సాయంత్రం అసోసియేషన్ అధ్యక్షురాలు మనోరమ గారి ఇంటికి వెళ్లాడు. ఏలూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, మాట మెత్తన.

"రూలు ఎంత చక్కగా రాశారండీ! ఎక్కడా సందు లేదు. నేను మాత్రం ఏం చేయగలను చెప్పండి?"

"నేను ఫ్లాటు ఓనర్‌ను మేడమ్!"

"ఓనర్లు సంచి చేత్తో పట్టుకుంటారండీ. చక్రాలకు కట్టుకుంటే డెలివరీ అవుతారు. పోనీ, గేటు బయటే విప్పేసి రండి."

"విప్పితే మళ్ల కట్టనీకె పూటంత పడతది."

"అయ్యో, అంత గట్టిగా ఎందుకు కట్టారండీ?"

విషయం 'చక్రాశ్రిత సంచుల పరిశీలనా ఉపసంఘా'నికి వెళ్లింది. (ఆ సాయంత్రమే పుట్టింది. వెంటనే టీ తాగింది.) సభ్యులు సెల్లార్‌లోకి దిగి సంచులు గుంజి చూశారు, ఒకాయన వేలాడి కూడా చూశాడు. ఊడలేదు. ఇంత గట్టి సంచులు మామూలు మనుషులకుండవు గనుక ఇది నిస్సందేహంగా డెలివరీయేనని ఏకగ్రీవంగా తేల్చారు.

వార్త ఊరికే పోలేదు. రెండో అంతస్తు రాగిణి ఫోన్ చేసింది. "అంకుల్, ఎట్లాగు మార్కెట్ల ఉన్నరట గదా, రెండు పెరుగు ప్యాకెట్లు పట్టుకరాండ్రి." తెచ్చిచ్చాడు. వారం తిరగకుండా పెరుగు వెంట సేమ్యా, సేమ్యా వెంట ఇస్త్రీ బట్టలు ఎక్కాయి. కరివేపాకు మరిచిపోయిన రోజు యాప్‌లో ఫిర్యాదు వచ్చింది. పెట్టింది రాజకుమారి.

ఒకరోజు రెండో అంతస్తు మెట్ల మీద కూలబడితే, వినయ్ అనే డెలివరీ అతను పక్కనే చతికిలబడి తన నీళ్ల సీసా అందించాడు.

"కొత్తనా అన్న? అంతస్తుకోసారి ఆగి ఎక్కు. గీ బిల్డింగ్ శాన ఖతర్నాక్. లిఫ్టుంటది గాని మనకుండది. ఆ రూలు ఎవడు పెట్టిండో గాని, వాని మోకాళ్లు పాడుగాను!"

"అయినయి తమ్ముడూ" అన్నాడు విద్యాసాగర్, మోకాలు నిమురుకుంటూ.

ఆ నీళ్లు గొంతు దిగుతుంటే ఆయనకు నిజంగానే సిగ్గేసింది. ఆ రూలు రద్దు చేయించి తీరాలని అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. ఆదివారం సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"డెలివరీ పిల్లలు మనుషులు కారా? వాళ్లకు మోకాళ్లుండయా? రూలు తప్పు. తీసేద్దాం."

అందరూ ఫ్యాన్ వైపు చూశారు. చివరికి మనోరమ గారు కరిగి, సవరణ చదివారు. డెలివరీ మనుషుల్లో రిటైరైనవారు, మోకాలి నొప్పి ఉన్నవారు, ఇదే భవనంలో సొంత ఫ్లాటు ఉన్నవారు ఇకపై లిఫ్టు వాడుకోవచ్చు. (ఎందరికి మేలు జరుగుతుందో సర్వే చేయించలేదు.)

"మిగతావాళ్ల సంగతి వచ్చే ఏడాది చూద్దామండీ. సరేనా విద్యాసాగర్ గారూ?"

బల్ల కింద మోకాలు కలుక్కుమంది. ఆయన సభకు ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాడు.

మర్నాడు కూరగాయలతో లిఫ్టెక్కుతుంటే, భుజాన నీళ్ల క్యానుతో మెట్ల దగ్గరున్న వినయ్ నోరు తెరిచాడు.

"అన్నా! నీకు లిఫ్టిచ్చిండ్రా? అబ్బ, ఏ కంపెనీ అన్న నీది? ఖాళీలున్నయా, నేను గూడ వస్త!"

"ఇప్పుడైతే లేవు తమ్ముడూ" అని విద్యాసాగర్ లిఫ్టు తలుపు వేసుకున్నాడు.