నాలుగు మాత్రలు ఎక్కువ

ఆ ఉదయం టైలర్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆసుపత్రికి వెళ్ళి మాత్రల సీసా చూపించి, పదిన్నరకల్లా మిషన్ ముందు కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులకు కొత్త మందు పరీక్షిస్తున్నారంటే నెల కిందట ఆయనా చేరారు. రోజుకో మాత్ర. సీసాలో ఉన్నది అసలు మందో, ఉత్త పిండో ఆయనకే కాదు, ఇచ్చిన డాక్టరుకూ తెలియదు. బయలుదేరే ముందు లెక్క చూసుకుంటే, ఆరు మిగలాల్సిన చోట పది ఉన్నాయి.

స్కూలు యూనిఫాంల హడావిడిలో నాలుగు రోజులు మాత్ర సంగతే మరిచారాయన. పరీక్షలోంచి తీసేస్తారేమో! మోకాలు ఈమధ్యే కాస్త మాట వింటోంది. గబగబా నాలుగు మాత్రలు తీసి, మేకుకు వేలాడుతున్న చొక్కా జేబులో గుండీల మధ్య పడేసి స్నానానికి వెళ్ళారు.

ఆ నాలుగూ ఎక్కువున్న సంగతి ఆయన భార్య ముందురోజు సాయంత్రమే కనిపెట్టింది. నలుగురిలో మొగుడు మాట పడకూడదని, ఆయన నీళ్ళు పోసుకుంటుండగా మళ్ళీ లెక్కపెట్టకుండానే నాలుగు తీసి చేతిరుమాలులో మూటకట్టింది.

ఆసుపత్రిలో నర్సు సీసాను పళ్ళెంలో బోర్లించింది. రెండే రెండు రాలాయి.

"ఆరుండాలి కదా మాస్టారూ! నాలుగు ఎక్కువ మింగేశారా?"

మాస్టారికి దిమ్మతిరిగింది. ఆరు పెడితే రెండెలా అయ్యాయని అడగలేరు. నాలుగు దాచానని అసలే చెప్పలేరు. "నొప్పి ఎక్కువైతే... వేసుకున్నానమ్మా," అని నసిగారు.

అంతే! చక్రాల కుర్చీ వచ్చింది, మంచమెక్కించారు, ఛాతీ నిండా తీగలు అంటించారు, రెండు చేతుల్లోంచీ రక్తం తీశారు. నర్సు ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, మాస్టారు మాత్రలు ఎక్కువ వేసుకుంటున్నారా?"

తన దొంగతనం ఎక్కడ బయటపడుతుందోనని ఆవిడ కంగారుపడిపోయింది. "వద్దన్నా వినరండీ! గుప్పెళ్ళతో మింగుతారు!"

"అయ్యో! ఆయన్ని మంచమెక్కించామమ్మా, వెంటనే రండి."

ఈలోగా డాక్టరు సీలు వేసిన కవరుతో వచ్చాడు. "ఇది చింపితే మీకిచ్చింది ఏదో తెలుస్తుంది మాస్టారూ. తెలిశాక మీరిక పరీక్షలో ఉండలేరు. కారణం తేలేదాకా మిగతా నూట ఇరవై మందికీ మందు ఆపాలి."

తలుపు సందులోంచి మాస్టారికి హాల్లో తమ సీసాలతో కూర్చున్నవాళ్ళు కనిపించారు. ఎన్నేళ్ళకో మళ్ళీ కింద కూర్చోగలిగానని పోయినసారి అందరికీ కూర్చుని లేచి చూపించిన డ్రిల్లు టీచరమ్మ కూడా ఉంది. ఆవిడ మందు తన వల్ల ఆగిపోవడమా? ఆయన డాక్టరు చెయ్యి పట్టేసుకున్నారు.

"చింపకండి బాబూ! నేనేమీ ఎక్కువ మింగలేదు. నాలుగు రోజులు మరిచిపోయి, ఆ నాలుగూ జేబులో దాచాను."

"అది సరే. అప్పుడు ఆరుండాలిగా, రెండే ఉన్నాయేం?" అంది నర్సు.

"ఇవిగోనండీ," అంటూ గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ భార్య రుమాలు విప్పింది.

"నువ్వా?"

"మీరా?"

నర్సు జేబులోవీ, రుమాలులోవీ అన్నీ పళ్ళెంలో పోసి లెక్కపెట్టింది. పదకొండు తేలాయి. అందులో ఒకటి చొక్కా గుండీ.

డాక్టరు కవరు జేబులో పెట్టుకుని కుర్చీలో కూలబడి నవ్వాడు. "చేరేటప్పుడు సిస్టర్ గంటసేపు కాగితాలు చదివి వినిపించిందిగా! మరిచిపోతే మరిచానని మాత్రల పుస్తకంలో రాయాలి, అంతే. వద్దనుకుంటే ఏ రోజైనా మానేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు."

"తలూపానండీ," అన్నారు మాస్టారు, "కానీ మనసంతా ఓ పెళ్ళికోటు కాలరు మీదుంది."

"నిజం చెప్పనా? మిగతా నూట ఇరవై మందికీ ఒక్క మాత్ర తేడా రాలేదు! కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనుషులం, నెలంతా ఒక్క మాత్రా మరవమా? ఆ లెక్కలతో రేపు జనానికి ఏ ధైర్యంతో మందు ఇవ్వను? ఇప్పటికి నేను నమ్మగలిగేది మీ ఒక్కరి లెక్కే."

డాక్టరు గొంతు కాస్త పెద్దది. హాలంతా విన్నది. తర్వాత డ్రిల్లు టీచరమ్మ లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"సిస్టర్, నా మాత్రల పుస్తకం ఓసారి ఇస్తావా? చిన్న సవరణ ఉంది."

ఆవిడ వెనక ఇంకొకరు లేచారు, ఆయన వెనక మరో నలుగురు. పదకొండు కొట్టేసరికి ఆసుపత్రిలో పెన్నులు చాల్లేదు.