డబ్బా టెనరే మనకు దిక్కు!

కమిటీ దొరలారా! మన మాడ్రిగల్ సంఘం నుంచి మావిస్ థ్రెల్ఫాల్‌ను సాగనంపింది మీరే. కాదని బుకాయించకండి. అయినా ఒక్క మాట చెప్పాలి. మీరు చేసింది లోకకల్యాణం!

నవ్వకండి పాఠకులారా. ఆడా మగా కలిసి, వాద్యం ఊసే లేకుండా, నాలుగు గొంతులతో నాలుగు వరసలు అల్లే పాట మనది. అందులో టెనర్ వరస, అంటే మగ గొంతుల్లో పైది, మగవాడిది. మన థార్న్‌బెక్‌లో మగవాళ్లకేం కొదవ? పబ్బు నిండా ఉన్నారు! పాడమంటే మాత్రం అందరికీ సాధన ఉండే మంగళవారమే గొంతు నొప్పి. అందుకే ఇరవై రెండేళ్లు ఆ వరస మావిస్సే పాడింది. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. గొంతు కూడా గేరు మార్చినట్టు కిందికి దిగుతుంది.

ఘోరం కాదూ? ఆడమనిషి మగ వరస పాడటమా! కొత్త కార్యదర్శి క్లైవ్ అటర్‌బరీ మన కళ్లు తెరిపించాడు. ఎవరో మగాడి గొంతు నింపిన స్పీకర్ డబ్బా ఒకటి తెచ్చి ఆమె కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మావిస్ గారూ, మీరిక ముందు వరసలో కూర్చుని హాయిగా వినండి."

"రోజూ నిన్ను బడికి చేర్చింది నేనేరా క్లైవ్. బస్సులో ఏడుస్తుంటే ముక్కు కూడా తుడిచాను."

"అబ్బే, మీ ఆరోగ్యం కోసమేనండీ..."

"నా ఆరోగ్యానికేం, దుక్కలా ఉన్నా! ఇంట్లో మాట్లాడ్డానికి పిల్లి కూడా లేదు. ఈ మంగళవారం ఒక్కటే ఉండేది."

కోటు తగిలించుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

పోతే పోయింది! డబ్బా గుణాలు చూడండి. దానికి జలుబు చెయ్యదు. టీ దగ్గర చివరి అల్లం బిస్కెట్టు లాక్కోదు. మేనకోడలి పెళ్లని ఎగ్గొట్టదు. అన్నిటికీ మించి, పక్కవాళ్లు ఏం పాడుతున్నారో పట్టించుకోదు. సంఘసభ్యుడికి ఇంతకంటే ఏ అర్హత కావాలి?

జూన్‌లో నది ఒడ్డున కచేరీ. మూడో పాటలో మన ఆల్టోలు, అదే ఆడవాళ్లలో కింది గొంతువాళ్లు, దారి తప్పారు. ఏటా తప్పుతారు. మావిస్ ఉంటే చటుక్కున తన వరస వదిలేసి, వాళ్ల వరసలో రెండు ముక్కలందుకుని, దారిలో పెట్టి మళ్లీ తన చోటికి పోయేది. వినేవాళ్లకు తెలిసేదే కాదు.

డబ్బా అలాంటి చిల్లర పనులు చెయ్యదు! తన దారిన తాను పోయింది. ఆల్టోలు ఆగారు. పై గొంతు సొప్రానోలు ఆగారు. మగ గొంతుల్లో అడుగుదైన బేస్ పాడే నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. బాతులు కూడా ఆగి చూశాయి. డబ్బా ఒక్కటే "ఫలలా" అంటూ చివరిదాకా పాడేసింది. జనం చప్పట్లు! క్లైవ్ వంగి వంగి సలాములు!

మిగతా మూడు గొంతులకూ డబ్బాలు పెట్టేద్దామా మరి? తప్పులుండవు. మనమూ ఉండం. మావిస్‌కు మిగిలిన ఖాళీ మంగళవారమే మనందరికీ మిగులుతుంది.

ఆమెను మాన్పించేందుకు పదకొండు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. సిగ్గులేని చెయ్యి.

క్లైవ్, ఈ మంగళవారం సాయంత్రం ఏడులోపు నువ్వే ఆమె గుమ్మం ఎక్కు. తప్పయిందని చెప్పు. ఆ కుర్చీ ఖాళీ చేసిపెట్టు. ఆమె వచ్చి కూర్చునేదాకా హాల్లో ఒక్క గొంతూ లేవకూడదు. నాది లేవదు గాక లేవదు!