మా సంఘం కారు బ్యాటరీ పరిరక్షణ విధానం

కార్లు చెడిపోవడానికి ఏకైక కారణం వాటిని నడపడమే. ఈ సత్యాన్ని కనిపెట్టింది విదేశీ శాస్త్రవేత్తలు కారు. ఆత్మకూరు దగ్గర మా ఊరి చర్చికి చెందిన వాహన పరిరక్షణ ఉపసంఘం కనిపెట్టింది. అందులో సభ్యుడిగా ఉండే భాగ్యం నాకూ దక్కింది కాబట్టి, లోకానికి ఈ విషయం తెలియజేయడం నా ధర్మం.

కారు మాకు కానుకగా వచ్చింది. మా ఊరివాడే అయిన వసంతకుమార్, మంగంపేట ముగ్గురాయి గనుల్లో లారీలు తిప్పి బాగుపడి, తన తెల్లకారును సంఘానికి ఇచ్చాడు. అత్యవసరంగా ఆస్పత్రికి పోవాల్సినవాళ్లకు మాత్రమే వాడమని కోరాడు. ఆ ‘మాత్రమే’ అన్న మాట మా సంఘపెద్ద దావీదురాజుగారికి తెగ నచ్చింది. (ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన హయాంలో స్కూలు సైన్సు గది తాళం ఒక్కసారీ తీయలేదు. ఒక్క గాజు సీసా కూడా పగల్లేదు.)

వెంటనే రేకుల షెడ్డు లేచింది, ఉపసంఘం ఏర్పడింది, అత్యవసరం అంటే ఏమిటో నిర్వచించే పని మొదలైంది. ప్రేమజ్యోతికి నొప్పులు వస్తున్నాయని కబురొస్తే, అది తొమ్మిది నెలలుగా అందరికీ తెలిసిన విషయమే కాబట్టి అత్యవసరం కిందికి రాదని తీర్మానించాం. శామ్ కాలు విరిగినప్పుడు, విరగడం అప్పటికే జరిగిపోయింది గనుక ఇక తొందరేముందన్నారు దావీదురాజుగారు. ప్రేమజ్యోతికి ఆటోలో ఆడపిల్ల పుట్టింది. శామ్ కాలు కొంచెం వంకరగానైనా అతుక్కుంది. కారు మీద ఒక్క గీత పడలేదు.

అయితే కదలని కారులో బ్యాటరీ నీరసించిపోతుందని ఎవరో అన్నారు. ఉపసంఘం ఉలిక్కిపడి ఆత్మకూరు బ్యాటరీ షాపుకు పోయింది. షాపతను అప్పుడు ఇంకెవరి ట్రాక్టరుకో బ్యాటరీ బిగిస్తూ తలెత్తకుండానే చెప్పాడు: “ఊరికే పెడితే బ్యాటరీ సచ్చిపోతాది సార్. దానికి పని చెప్పల్ల.”

ఆ సలహా మీద మేము గంభీరంగా చర్చించాం. కారును బయటికి తీయడం నిబంధనలకు విరుద్ధం. బ్యాటరీకి పని చెప్పడం మాత్రం నిబంధనలకు లోబడినదే. ఇందుకోసం ‘బ్యాటరీ ఆరోగ్య బాధ్యుడు’ అనే పదవిని సృష్టించి లేవికి అప్పగించాం. (మా చర్చి మైకుసెట్టు లేవిదే కావడం, కరెంటు పోయినప్పుడల్లా ఆ మైకు మూగబోవడం కేవలం యాదృచ్ఛికం.) మరుసటి ఆదివారమే షెడ్డులోంచి చర్చి కిటికీ గుండా రెండు వైర్లు వచ్చాయి. మా బ్యాటరీ సువార్త సేవలో చేరింది.

అప్పటినుంచి దానికి విశ్రాంతి లేదు. కరెంటు ఉన్న రోజు కూడా, వ్యాయామం తప్పకూడదని మైకును దానిమీదే నడిపించాం. పని చాలడం లేదేమోనని పాస్టరయ్య ప్రసంగం పొడిగించారు. క్రిస్మస్‌కు గోపురం మీది నక్షత్రం, దానికింద సీరియల్ లైట్లు, అన్నీ దాని చలవే. ఇంజన్ నడిస్తేనే ఖర్చయిన కరెంటు బ్యాటరీలోకి తిరిగి చేరుతుందని ఒక సమావేశంలో ఎవరో అన్నట్టు గుర్తు. ఇంజన్ అరిగితే బాధ్యత ఎవరిదని దావీదురాజుగారు అడిగేసరికి, ఆ మాటన్నది ఎవరో తేలకుండా పోయింది.

ఈ పరిస్థితుల్లో రత్నమణి అర్జీ వచ్చింది. ఆమె రెండు కళ్లకూ పొర కమ్మింది. మిరపకోతలో పండుకాయలతోపాటు పచ్చివీ తుంచేస్తోందని మేస్త్రీ ఆమెను కూలీల గుంపులోంచి తప్పించాడు. కోతకు పోతే తప్ప పొయ్యి వెలగని మనిషి. కర్నూలు కంటాసుపత్రిలో ఒక కన్నుకు ఆపరేషన్ రోజు ఇచ్చారు. ఆ పొద్దున పేరు పిలిచినప్పుడు పలక్కపోతే వంతు రెండు నెలలు వెనక్కి పోతుంది. అప్పటికి చేలల్లో కాయ ఉండదు. కంటిపొర నిదానంగా వచ్చే జబ్బు, నిదానంగా వచ్చేది అత్యవసరం ఎలా అవుతుందని ఉపసంఘం ఆమెను సాదరంగా వెనక్కి పంపింది.

ఆ సాయంత్రమే మంగంపేట నుంచి వసంతకుమార్ ఫోన్ చేశాడు. కారు ఎంతమందికి ఉపయోగపడిందని అడిగాడు. సంఘమంతటికీ అని దావీదురాజుగారు నిజమే చెప్పారు. అయితే ఎవరైనా రోగి కారులో పోతున్న ఫోటో ఒకటి పంపండి పెద్దయ్యా అన్నాడతను. రాత్రికి రాత్రే రత్నమణి జబ్బు అత్యవసరమైపోయింది.

ఆపరేషన్ రోజు తెల్లవారుజామునే సంఘమంతా షెడ్డు ముందు చేరింది. కారుకు బంతిపూల దండ వేశారు. రత్నమణి ఉతికిన చీర కట్టుకుని, సద్దిమూట ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. పాస్టరయ్య ప్రయాణ ప్రార్థన చేశారు. లైసెన్సున్నది శామ్‌కే కాబట్టి అతనే స్టీరింగ్ పట్టుకుని తాళం తిప్పాడు. కారు ‘టక్’ అంది. మళ్లీ తిప్పితే అది కూడా అనలేదు.

మొన్న ఆదివారం మైకు గొంతు చెరువుకట్ట దాకా వినపడిందని, కాబట్టి బ్యాటరీ పూర్తి ఆరోగ్యంగా ఉందని లేవి ప్రకటించాడు. వాదించే సమయం లేదు. అందరం కలిసి కారును తోశాం. శామ్ గేర్లు మార్చి చూశాడు, కారు కనికరించలేదు. తారురోడ్డు దాకా అలా తోస్తూనే పోయాం. లోపలినుంచి రత్నమణి గొంతు వినిపించింది.

“శానా మెత్తగా పోతాండాదప్పా. శబ్దమే లేదు.”

మేము రొప్పుతూ తోస్తూనే ఉన్నాం. ఆమె నిజంగానే అన్నదో, ఎగతాళికి అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆమె కళ్లు మసకబారాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి.

రోడ్డు మీద దేవుడు సోమన్నను పంపాడు. వంకాయల బస్తాలతో ఆత్మకూరుకు పోతూ అతను ఆటో ఆపాడు. విషయం విని, కర్నూలు బస్సు పట్టిస్తానని రత్నమణిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంతలో ఆటో ఇంజన్ ఆగిపోయింది. దాని సెల్ఫ్ పాడై ఏడాదయిందట, తోస్తేగాని కదలదట. మేము ఎలాగూ తోసే ఊపులోనే ఉన్నాం. కాసేపు తోసేసరికి అది దగ్గి, ఉమ్మి, పొగ చిమ్ముకుంటూ పరుగందుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. నాకైతే కళ్లలో నీళ్లొచ్చాయి (పొగవల్ల కొంత).

ఆమె వేళకు చేరింది. పేరు పిలిస్తే పలికింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. కారులో ఆమె ఫోటోను, వెనక తోసేవాళ్లు కనపడకుండా కత్తిరించి వసంతకుమార్‌కు పంపాం. అతను సంతోషించాడు.

కొన్నాళ్లకు, మిరపకోతలు ముగియకముందే, మేస్త్రీ రత్నమణిని మళ్లీ గుంపులో కలుపుకున్నాడు. ఆ ఆదివారం ఆమె నల్లద్దాలు పెట్టుకుని సాక్ష్యం చెప్పడానికి లేచింది. చర్చిలో అందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు. దేవునికి, డాక్టరుకు, సోమన్నకు వందనాలు చెప్పింది. కారుకని కొన్న కొత్త బ్యాటరీ మీద మైకు బ్రహ్మాండంగా పలుకుతోంది. దావీదురాజుగారు గొంతు సవరించుకుని, కారు సంగతి కూడా రెండు మాటలు చెప్పమని సైగ చేశారు.

“రెండో కన్నుకు వచ్చే నెల రమ్మన్నారు,” అంది రత్నమణి. “కారు ఈడనే పెట్టుకోండి పెద్దయ్యా. సోమన్న ఆటో తోసేకి మాత్రం అందరూ రావల్ల.”

మా ఉపసంఘం ఒక్క అభ్యంతరమూ లేకుండా, ఏకగ్రీవంగా ఆమోదించిన తొలి అర్జీ అదే.